పాలలో పాలు

తెలుగున 'పాలు' అను మాటకు రెండర్థములు కలవు. తల్లి బిడ్డకిచ్చునది పాలు. పదిమంది పంచుకొను దానిలో ఒకరికి వచ్చు భాగమును పాలే. పొలము గలవాడును, దున్నువాడును పంటను పంచుకొనినచో దానిని పాలు అందురు. మేకను పెంపకమునకిచ్చి, అది ఈనిన పిల్లలను ఇరువురును పంచుకొనినచో అదియు పాలే. మాట ఒకటి, అర్థములు రెండు. తల్లి చనిపోయిన కూనలను మరియొక తల్లి గూటికి చేర్చునప్పుడు ఈ రెండర్థములును ఒకచోట కలసికొనును. అచ్చట పాలలోనే పాలు పంచవలసి యుండును. కుందేళ్లను పెంచువారికి ఈ సంగతి అనుభవమున తెలియును.

నిజామాబాదు జిల్లాలోని ఆర్మూరు ప్రాంతము పసుపు పంటకు పేరెన్నిక గన్నది. 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు నిజామాబాదుననే ప్రారంభమైనది. ఏర్గట్ల ఆ పసుపు సీమలోని ఊరు. 2016లో క్రొత్త జిల్లాలును, మండలములును ఏర్పడినప్పుడు అది మండల కేంద్రమైనది. అచ్చటి రైతులు తొలకరిలో పసుపు నాటి, నడుమ మొక్కజొన్న వేయుదురు. ఎనిమిది తొమ్మిది మాసములు కనిపెట్టుకొని యుండి, సంక్రాంతి ప్రాంతమున త్రవ్వకము మొదలిడుదురు. త్రవ్విన కొమ్ములను ఉడుకబెట్టి, కళ్లములలో ఎండబెట్టి, మెరుగు పట్టించి నిజామాబాదు మార్కెట్టునకు తరలింతురు. ఆ రెండు మూడు నెలలును ఇంటి పెద్దలకు తీరిక దొరకదు. పైగా ఆ ప్రాంతమున పెక్కు కుటుంబములలో మగవారు గల్ఫు దేశములకు పనికి పోయి యుందురు. ఇంటి బరువును, పొలము బరువును ఆడువారిపైనను, వృద్ధులపైనను పడును. పిల్లలు కొందరు అమ్మమ్మల యొద్దను, కొందరు పెద్దమ్మల యొద్దను పెరుగుచుందురు.

అట్టి ఇండ్లలో ఒకదానిలో ఎనిమిదవ తరగతి చదువు బాలుడొకడు ఉండెను. వాని తల్లి వాని పసితనమునందే గతించెను. తండ్రి గల్ఫునందుండెను. వానిని పెద్దమ్మ పెంచుచుండెను. ఆమె బడిలో చదివినది తక్కువ, పశువులతో గడపినది ఎక్కువ. పశువుల ఆసుపత్రికి పోయినప్పుడు డాక్టరు చెప్పిన మాటను ఆమె ఎన్నడును మరువదు. ఇంటి వెనుక కొట్టములో, ఇనుప వల బిగించిన కొయ్య పెట్టెలలో ఆమెకు రెండు ఆడ కుందేళ్లుండెను. ఒకటి బూడిదవన్నె గల సోవియట్ చించిల్లా జాతిది. రెండవది తెల్లనిది. పచ్చగడ్డియు, మొక్కజొన్న ఆకును తెచ్చి వేయుట, నీరు మార్చుట బాలుని పనులు.

పెద్దమ్మ ఆ రెండింటిని ఒకే దినమున మగ కుందేటితో జతపరచెను. బాలుడు కారణమడిగెను.

"రెండును ఒక్కమారే ఈనినచో ఒకదానికి ఆపద వచ్చినను రెండవది ఉండును, బిడ్డా" అని ఆమె చెప్పెను. బాలునకు ఆ మాట అప్పుడంతగా మనసున పట్టలేదు.

ఆడ కుందేలు జతపడిన నాటి నుండి ఇంచుమించు 31 దినములకు ఈనును. ఈ లెక్క ఒకటి రెండు దినములకంటె తప్పదు. కావున తెలిసి పెంచువారు రెండు మూడు కుందేళ్లను ఒకే నాడు జతపరతురు. ఆపద వచ్చిన పిదప సాయమునకై వెదకుటకంటె, రాకముందే సాయమును సిద్ధపరచుకొనుట మేలు గదా!

ఈనుటకు ముందు తల్లి తన రొమ్ముపైనను, పొట్టపైనను గల మెత్తని రోమములను నోటితో పెరికి గడ్డిపై పరచి పాన్పు చేయును. ఆ పాన్పే కూనలకు దుప్పటి. పుట్టినప్పుడు కూనకు ఒంటిపై రోమములుండవు. కన్నులు మూసియుండును. చెవులు వినబడవు. బరువు 40 నుండి 60 గ్రాములు మాత్రమే. తన ఒంటి వేడిని తాను నిలుపుకొనలేదు. తోడి కూనలను ఒరసికొని, తల్లి రోమములలో దాగియున్నంతవరకే దానికి వెచ్చదనము. పాన్పునుండి జారి పడినచో పిల్లి తన పిల్లను నోట కరచుకొని తెచ్చినట్లు కుందేలు తేలేదు. జారిన కూన జారిన చోటనే చల్లబడిపోవును.

అది పుష్యమాసము. రాత్రులు చలి ఎక్కువగా నుండెను. బూడిద కుందేలు ముందుగా ఈని ఆరు కూనలను పెట్టెను. మరునాడు తెల్లనిది ఈని అయిదింటిని పెట్టెను. ఆ పై దినమున బాలుడు తెల్లవారి లేచి ఆకు వేయబోవునప్పటికి బూడిద కుందేలు పెట్టె మూలలో చచ్చి పడియుండెను. ఆరు కూనలును పాన్పులో కదలుచుండెను. వాని పొట్టలు అణగి, చర్మము ముడుతలు పడియుండెను.

బాలుడు వంటింటిలోనికి పరుగెత్తి ఆవుపాలు వెచ్చచేసి, దూదితో తెచ్చెను. పెద్దమ్మ వారించెను.

"ఆ పాలు వానికి చాలవు, బిడ్డా. పడుకోబెట్టి నోట పోసినచో ఊపిరిలోనికి పోవును. అప్పుడు ప్రాణమే పోవును."

ఆమె మాట నిజము. ఆవుపాలలో నూటికి 4 పాళ్లు కొవ్వుండగా, కుందేటి పాలలో 12 పాళ్ల వరకు నుండును. మాంసకృత్తులును మూడు రెట్లకు పైగా నుండును. అంత చిక్కని పాలగుటచేతనే తల్లి రోజునకు ఒక్కమారు, మూడు నుండి అయిదు నిమిషముల సేపు మాత్రమే ఇచ్చినను కూనలకు సరిపోవును. ఎవరును దగ్గర లేనిచో చేతితో పాలు పట్టుట తప్పదు గాని, అట్లు బ్రతుకునవి తక్కువ. పాలిచ్చు తల్లి ఒకటి దొరకినచో దానికి సాటి లేదు.

పెద్దమ్మ కూనలను చేటలో, వెచ్చని గుడ్డపై ఉంచి బాలుని అడిగెను.

"తెల్లదానికి చనుమొనలు ఎన్ని?"

"ఎనిమిది."

"దాని కూనలు ఎన్ని?"

"అయిదు."

"ఇంక ఎన్నింటికి చోటు?"

"మూడింటికి."

"మన చేటలో ఎన్ని?"

"ఆరు" అని బాలుడు ఊరకుండెను. కొంతసేపటికి "ఆరింటిని వేయుదము, పెద్దమ్మా. ఎట్లో సర్దుకొని త్రాగును" అనెను.

"సర్దుకొనవు. ఉన్నది నాలుగు నిమిషముల వేళ. ఆ వేళలో పదునొకండు నోళ్లు ఎనిమిదింటికై పెనుగులాడినచో బలము లేనివి ఆకలితో నిలిచిపోవును. అవి మనవే కానక్కరలేదు, దానివి కూడ కావచ్చును. మన కూనలను బ్రతికించుటకు నీ కూనలను చంపుకొమ్మని ఆ మూగ తల్లిని అడుగుటకు మనమెవరము?"

బాలుని కన్నులు చెమ్మగిల్లెను. అయినను ఆ లెక్కను కాదనుటకు వానికి మాట దొరకలేదు.

పెద్దమ్మ అంతటితో ఊరకుండలేదు. ప్రక్క వీథిలో ఒక ఇంట కుందేలు ఈని నాలుగు దినములైనది. దానికి నాలుగే కూనలు. ఆమె చేటను పైట చెరగున కప్పుకొని బాలునితో అచ్చటికి పోయెను. ఆ ఇంటి ఇల్లాలు పసుపు ఉడుకబెట్టుటకు కళ్లమునకు పోవ సిద్ధముగా నుండెను. సంగతి విని ఆమె సందేహించెను.

"వదినా, నా నాలుగింటి పాలను ఏడు త్రాగినచో నావి చిక్కిపోవా?"

పెద్దమ్మ అబద్ధమాడలేదు. "కొంత తగ్గును. నోళ్లు పెరిగిన కొలది తల్లి పాలు పెరుగును గాని, ఏడింటికి నిండుగా సరిపోవునంత పెరుగవు. నీ కూనలు కొంచెము నెమ్మదిగా బలియును. ప్రాణభయము లేదు. ఎదిగిన పిదప మా మూడింటిలో ఒకటి నీ పాలు."

ఇల్లాలు ఒక నిమిషమాలోచించి చేట అందుకొనెను. పాలకు పాలు కుదిరెను.

ఆ మూడింటిని ఎంచుటలోను ఒక పద్ధతి కలదు. ప్రక్క వీథి కూనలు నాలుగు దినములవి, బలిసినవి. కావున ఆరింటిలో పెద్దవి మూడు అచ్చటికి పోయెను. తెల్లదాని కూనలు ఒక దినమువి. కావున చిన్నవి మూడు దానికి దక్కెను. పెంపునకు చేర్చు కూనలకును, ఆ గూటి కూనలకును రెండు మూడు దినములకంటె ఎక్కువ వయోభేదము ఉండరాదు. బలిసిన వానినడుమ బక్కదానిని వేసినచో దానికి చనుమొన అందదు. జాలిచేత అన్నిటికంటె బక్కదానిని మంచి తల్లికి ఇవ్వవలెనని తోచును. కాని సమానుల నడుమ ఉంచుటయే దానికి నిజమైన జాలి.

ఇంటికి వచ్చి పెద్దమ్మ చేతులు బూడిదతో తోమి కడుగుకొనెను. ఉడికిన పసుపు వాసన ఆ దినములలో ఆ ఊరి వారి చేతులనుండి అంత సులభముగా పోదు. పిమ్మట తెల్ల కుందేటిని మరియొక పెట్టెలోనికి మార్చి, దానికిష్టమైన ఆకు వేసెను. దాని పాన్పులోని రోమములను గుప్పెడు తీసి అరచేతులకు రుద్దుకొనెను. మూడు కూనలను ఆ రోమములతో మెల్లగా తుడిచి, దాని అయిదు కూనల నడుమ ఉంచి పైన కప్పెను. ఒక గంట గడచు వరకు తల్లిని రానీయలేదు. ఆ గంటలో ఎనిమిది కూనల వాసన ఒకటే అగును. తల్లి కుందేలు కూనను ముఖము చూచి గుర్తింపదు. గూటి వాసన తనదైనచో గూటిలోని కూనయు తనదే అనుకొనును. మనిషి చేయి తగిలిన కూనను తల్లి ముట్టదను మాటయు వాడుకలో నున్నది. మచ్చికయైన కుందేటి విషయమున అది నిజము కాదు. తనను పోషించువారి చేతిని అది ఎరుగును.

తెల్ల కుందేలు తిరిగి వచ్చి పాన్పును ఒకమారు మూచూచి, ఒక మూలకు పోయి ఆకు తినసాగెను. బాలుడు ఎదుట కూర్చుండెను. మధ్యాహ్నమైనను అది పాన్పు చేరలేదు. సాయంకాలమైనను చేరలేదు. "తల్లి విడిచిపెట్టినది, పెద్దమ్మా" అని వాడు దిగులు చెందెను. ఆమె వానిని అన్నము తిని పడుకొమ్మనెను. కుందేలు పగలెల్ల కూనల ప్రక్క కూర్చుండదు. అడవి కుందేళ్ల దేశములలో తల్లి బొరియ ముఖమును మట్టితో కప్పి దూరముగా పోవును. తానక్కడ మెలగినచో తన వాసన పట్టి నక్క వచ్చునని దాని భయము. రాత్రియో, తెల్లవారు జాముననో వచ్చి పాలిచ్చి మరల పోవును. దూరముగా నుండుటయే దాని కాపుదల. పెంపుడు పెట్టెలోనికి వచ్చినను ఆ స్వభావము మారలేదు.

మరునాటి ఉదయమున పెద్దమ్మ పాన్పు తొలగించి చూపెను. ఎనిమిది కూనల పొట్టలును గుండ్రముగా నిండియుండెను. పలుచని చర్మము క్రింద తెల్లని పాలు కనబడుచుండెను. తెల్లదాని కూనలు గులాబి వన్నెవి. బూడిదదాని కూనల చర్మము నలుపు. ఆ అయిదును, ఈ మూడును కలసి ఒకే ముద్దగా నిదురించుచుండెను.

కన్ను తెరువని కూన చీకటిలో చనుమొనను ఎట్లు కనుగొనును? దీనిని 2003లో ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞులు తేల్చిరి. తల్లి కుందేటి పాలలో ఒక ప్రత్యేకమైన గంధద్రవ్యము కలదు. దాని వాసన సోకినంతనే కూన తల కదల్చి వెదకి, క్షణములలో చనుమొనను పట్టుకొనును. ఇందులో గమనింపదగినది ఒకటి కలదు. ఆ గంధము కన్నతల్లి పాలకు మాత్రమే చెందినది కాదు. పాలిచ్చు ఏ కుందేటి యందైనను అదియే గంధము. కావున ఆకొన్న కూన 'నీవు నా తల్లివేనా?' అని అడుగదు. పాలున్నచోట తల్లి యున్నదని దానికి తెలియును.

అన్ని జంతువులును ఇట్లు కావు. గొర్రె ఈనిన కొలది గంటలలోనే తన పిల్ల వాసనను పట్టుకొనును. అన్యమైన పిల్ల దరిచేరినచో కుమ్మి త్రోసివేయును. కావున పలు దేశముల కాపరులు చనిపోయిన గొర్రెపిల్ల తోలును తల్లిలేని పిల్లకు కప్పి, ఆ తల్లి యొద్దకు చేర్చుదురు. మన పల్లెలలో దూడ చనిపోయిన ఆవు చేపుటకై దూడ తోలులో గడ్డి కూరి ఎదుట నిలుపుట కలదు. కుందేటి యొద్ద ఇన్ని ఉపాయములు అక్కరలేదు. గుప్పెడు రోమములు చాలును.

శాస్త్ర చరిత్రలోను కుందేలు పెంపుడు తల్లిగా నిలిచినది. 1890 ఏప్రిలు 27న ఇంగ్లండులో వాల్టర్ హీప్ అను శాస్త్రజ్ఞుడు అంగోరా జాతి కుందేటి నుండి అప్పుడే ఏర్పడుచున్న రెండు పిండములను తీసి, బెల్జియన్ హేర్ జాతి కుందేటి గర్భమునకు చేర్చెను. అది నెల దినములకు ఆరు కూనలను ఈనెను. వానిలో నాలుగు దాని పోలికవి. రెండు పొడుగు రోమముల అంగోరాలు. నేడు పాడిపశువులలో మేలుజాతి దూడలకై చేయు పిండమార్పిడికి అదియే నాంది. పుట్టిన పిదప పాలిచ్చుట మాత్రమే గాక, పుట్టుకకు ముందే చోటిచ్చుటయు సాధ్యమని ఒక మూగజంతువు లోకమునకు చాటెను.

ఏర్గట్లలోని ఆ ఆరు కూనలును బ్రతుకలేదు. తెల్లదానికి చేర్చిన మూడింటిలో మిక్కిలి చిన్నది మూడవనాడు చనిపోయెను. తల్లి చనిపోయిన రాత్రి అది పాన్పు అంచున పడి చలికి నీరసించినది. పాలు దొరకినను తేరుకొనలేదు. బాలుడు దానిని జామచెట్టు క్రింద పూడ్చెను. మిగిలిన అయిదును నిలిచెను. వారము లోపలనే ఒంటిపై నూగు వచ్చి, తెల్లని వాని నడుమ బూడిదవన్నెవి రెండు తెలియవచ్చెను. పదునొకండవ నాటికి కన్నులు తెరచెను. మూడవ వారమున పాన్పు విడిచి గంతులిడసాగెను. అయిదవ వారమునకు పాలు మాని ఆకు తినుట నేర్చెను. అప్పుడు ప్రక్క వీథి ఇల్లాలికి మాట ప్రకారము ఒకటి పోయెను.

ఆ నాడు బాలుడు అడిగెను. "ఈ బూడిదవి ఎవరి పిల్లలనవలెను, పెద్దమ్మా?"

"పాలిచ్చినదాని పిల్లలు" అని ఆమె తలయెత్తకయే, పసుపు ఏరుచు బదులు చెప్పెను. వాడు కొంతసేపు ఆమె వంక చూచి, బుట్ట తీసికొని ఆకునకై పోయెను.

మన పెద్దలకు ఈ తీర్పు క్రొత్తది కాదు. కుంతి కన్న కర్ణుని లోకము రాధ పేరున రాధేయుడని పిలిచెను. దేవకి కన్నను బాలకృష్ణుని తలచినప్పుడు తెలుగువారికి ముందు యశోదయే తోచును.

అయినను ఒక జాగ్రత్త అవసరము. పసుపు త్రవ్వునప్పుడు చేలలో చెవులపిల్లి కూన ఒంటరిగా కనబడుట కలదు. అది అడవిలో తిరుగు మన దేశపు కుందేలు, పెంపుడు కుందేటికి వేరైన జాతి. దాని కూన రోమములతోను, తెరచిన కన్నులతోను పుట్టును. తల్లి దానిని పొదలో దాచి పోయి, ప్రొద్దుగ్రుంకిన పిదప వచ్చి పాలిచ్చును. దానిని అనాథ అనుకొని ఇంటికి తెచ్చినచో తల్లి గల బిడ్డను తల్లి లేనిదానిగా చేసినట్లగును. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము దానిని పట్టుటను నిషేధించినది. జాలిపడుటకు ముందు, అది నిజముగా దిక్కులేనిదేనా అని తెలిసికొనవలెను.

దయ అందరి గుండెలలోను పుట్టును. ఆరు కూనలను చూచి ఆరింటిని ఒకే గూటిలో వేయుదమనుటయు దయయే. కాని ఆ దయ వలన పదునొకండు కూనలకును ముప్పు కలిగియుండెడిది. చనుమొనలను లెక్కించి, వయస్సును సరిచూచి, వాసన కలిపి, చోటు చాలనప్పుడు పొరుగింటి గడప ఎక్కి నిజము చెప్పి అడిగిన దయ అయిదు ప్రాణములను నిలిపెను. పాలు కొలతకు లోబడినవి. కావున ఇచ్చువారు కొలత ఎరిగి పంచవలెను. పుచ్చుకొనినవారు తమ పాలు ఎవరి పాలలోనిదో మరువకుండవలెను.